కొండ మీది జీపు రోడ్డు

రాజమండ్రి ఇంటర్నెట్ సెంటర్లో, రెబెక్కా రాసిన వాక్యాన్ని అనంతకృష్ణ ఆమె కళ్లెదుటే చెరిపేశాడు. పాపికొండల ఊళ్ల గురించి అందరం కలిసి ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో రాద్దామంటే, పలకా బలపం దాటని ఈ టీచరమ్మలు కూడా తయారయ్యారేంటని అతని చిరాకు.

“మీ ఊరికి కాలిబాటే ఉందని రాశారు. ఆధారం ఏదండీ?”

“రోజూ నడుస్తానండి.”

“మీ కాళ్లు ఆధారం కావండి. అచ్చులో ఉండాలి.”

“మరి జీపు రోడ్డుందని మీరు రాశారు కదండీ?”

అతను పేపరు కటింగ్ తీసి బల్ల మీద పడేశాడు. “చదువుకోండి.”

ఆమె చదివి, చివరి వరుస మీద వేలుపెట్టి అతని ముందుకు జరిపింది. ‘సేకరణ: ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వం.’ అంతదాకా అతనెప్పుడూ చదవలేదు.

“వాళ్లు మీ పేజీ చూసి రాశారండి. మీరేం చూసి రాశారు?”

లాంచీలో పోతూ చూశాడు. కొండ మీద ఎర్రటి గీత కనబడితే రోడ్డనుకున్నాడు, అంతే.

“ఆ రోడ్డు నమ్మి మొన్న డాక్టర్లు లాంచీ మానేసి జీపులో వచ్చారండి. కొండ కిందనుంచే వెనక్కెళ్లిపోయారు. సూది వేస్తారని మా బడిపిల్లలు చొక్కా చేతులు మడుచుకుని సాయంత్రం దాకా నిలబడ్డారు.”

రెబెక్కా లేచి సంచి భుజాన వేసుకుంది.

“ఇదీ అచ్చులో రాలేదండి. చెరిపేసుకోండి.”