మంచు మీద ఖాసింబీ

కొళాయి మూతికి నీళ్ళు గాజుకడ్డీలా గడ్డకట్టి వేలాడుతున్నాయి.

తెల్లవారేసరికి సౌదీ ఉత్తరాన తబూక్ కొండల్లోని ఆ ఊరంతా తెల్లబడిపోయింది. గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, జనవరి.

లోపల ఇంటి కోడలు నూరాకు నొప్పులు మొదలయ్యాయి. నెల ముందే. భర్త రియాద్‌లో ఉన్నాడు. ఇంట్లో ఫోన్ పనిచేయడం లేదు.

డ్రైవర్ ఖాదర్ కారు తీయబోయి గేటు ముందే జారిపడ్డాడు. చీలమండ వాచిపోయింది.

“యాడ కాలు పెట్టినా జారతాందక్కా!”

ఖాసింబీది రాయచోటి. ఆ ఇంట్లో వంటమనిషిగా చేరి మూడేళ్ళు. కిటికీలకు టేపులు అంటించుకున్న యుద్ధం రోజుల్లో కూడా గడప దాటలేదు. ఆడమనిషి ఒంటరిగా వీధిలోకి పోకూడదని ఆ ఇంటి కట్టుబాటు.

నూరా మళ్ళీ కేక పెట్టింది.

“నీ బూట్లు ఇయ్యి,” అంది ఖాసింబీ.

“ఆస్పత్రి మూడు కిలోమీటర్లక్కా!”

“గుట్టల్లో మేకల యెంట ఎంత దూరం ఉరికినానో నీకేం తెలుసు? ఇయ్యి.”

బూట్ల మొనల్లో గుడ్డలు కుక్కింది. ఉల్లిపాయల గోనెసంచి చించి అడుగున చుట్టి కట్టింది.

నూరా అత్తగారు తలుపుకు అడ్డం నిలబడింది.

“నా కొడుకు అడిగితే?”

“నేను జవాబు చెప్పుకుంటానమ్మా,” అంది ఖాసింబీ, వచ్చీరాని అరబ్బీలో.

పెద్దావిడ పక్కకు జరిగింది.

మొదటి మలుపులో రెండుసార్లు జారింది. తర్వాత కాళ్ళకు దారి అర్థమైంది. నున్నగా మెరిసేచోట వద్దు. కరకరలాడేచోటే అడుగు. చిన్న చిన్న అడుగులు.

గాలి చెవులు కోసింది. ఒంటినిండా కప్పుకున్న నల్లటి అబాయా అంచులు మంచుకు బిరుసెక్కాయి.

రెండో కిలోమీటరు దాటాక ఒళ్ళు వేడెక్కింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాళ్ళు ఇంకా తన మాట వింటున్నాయి.

ఆస్పత్రిలో హైదరాబాద్ నర్సు షబానా ఆమెను చూడగానే కుర్చీ లాగింది.

“కూర్చోండమ్మా, ముందు ఊపిరి పీల్చుకోండి.”

“కూచునేదానికి రాలేదు. ఆడ ఇంట్లో బిడ్డ పుడతాంది. జీపు తీపియ్యి, దారి నేను చూపిస్తా.”

ఎండ పొడ వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

మూడోరోజు నూరా భర్త రియాద్ నుంచి వచ్చాడు. అందరి ముందూ అడిగాడు.

“ఎవరిని అడిగి బయటికి పోయావు?”

“ఎవరినీ అడగలేదు.”

ఖాసింబీ చూపు దించలేదు.

అతను చాలాసేపు బిడ్డ వంక చూశాడు. బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున వంట ముగించి ఖాసింబీ మళ్ళీ బూట్లు కట్టుకుంది.

“ఎక్కడికి?” అంది పెద్దావిడ.

“ఎక్కడికీ కాదమ్మా. ఉత్తినే పరిగెత్తి వస్తా.”

పెద్దావిడ తన ఉన్ని శాలువా తీసి ఆమె మెడకు చుట్టింది.

ఊరి చుట్టూ ఉన్న దారిలో, ఇంకా కరగని మంచు మీద ఖాసింబీవే తొలి అడుగులు. కాసేపటికి ఇల్లు కనబడింది. గేటు తెరిచే ఉంది.

ఆమె ఆగలేదు. దాని ముందునుంచే ఇంకో చుట్టు మొదలుపెట్టింది.