ట్యూబు లేని సైకిలు

“రెండు చక్రాలకీనా?” మెకానిక్ మళ్లీ అడిగింది.

“రెండింటికీ. ఇక నా సైకిల్లో ట్యూబన్నది ఉండకూడదు,” అన్నాడతను.

ఆమె సైకిలును తలకిందులుగా నిలబెట్టి వెనక చక్రం ఊడదీసింది. రిమ్ము అంచు మీద వేలు తిప్పి చూసింది. “మీ అదృష్టం, రిమ్ములు పనికొస్తాయి. టైర్లు మాత్రం కొత్తవి వెయ్యాలి. అయినా రోజూ పనికెళ్లే సైకిలుకి ఇంత సోకెందుకన్నా? పంక్చరు పడితే పది నిమిషాల్లో అతికించి ఇస్తాగా!”

“ఆ పది నిమిషాలే నా కొంప ముంచుతున్నాయమ్మా.”

ఈ నెలలో మూడుసార్లు ఆలస్యమైంది. మూడుసార్లూ పంక్చరే. ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ కుర్చీ ఖాళీ అయింది. రేపు పొద్దున ఎనిమిదింటికి పిలిచి మాట్లాడతానని మేనేజరు చెప్పాడు. ఒకవైపు పద్దెనిమిదేళ్ల పనితనం, మరోవైపు గేటు దగ్గరి పుస్తకంలో మూడు ఎర్ర గీతలు. నాలుగో గీత పడితే ఆ కుర్చీ ఇంకొకరిది.

“పంక్చరైందని చెప్పుకోవచ్చుగా?”

“చెప్పలేదు. మొదటిసారి మా అత్తగారికి జ్వరమన్నాను. రెండోసారి నాకు కడుపునొప్పి. మూడోసారి మళ్లీ అత్తగారే.”

ఆమె పకపకా నవ్వింది. “పాపం పెద్దావిడ! ఉన్నమాట చెప్పడానికేం?”

“ఆ మాటొక్కటీ నా నోట రాదు.”

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మూడు ఉదయాలూ రోడ్డు పక్కన వంగి కూర్చున్నప్పుడు తనకు కలిగింది చిరాకు కాదని అతనికి తెలుసు. దాటిపోయేవాళ్లు జాలిగానే చూశారు. అతనికి మాత్రం ప్రతి చూపూ నిలదీస్తున్నట్టే అనిపించింది. తెలిసినవాళ్లు ఎవరైనా వస్తారేమోనని మొహం సైకిలు చాటుకి తిప్పుకున్నాడు. ఇంటి పక్క దుకాణాన్ని వదిలి ఊరి ఈ చివరికి వచ్చిందీ అందుకే.

ఆమె పాత ట్యూబును బయటికి లాగింది. అతను దాన్ని అందుకుని, సాగదీసి, బొటనవేలితో పొడవునా నిమిరి ఒకచోట ఆగాడు. “ఇదిగో, ఇక్కడ. అతుకు దగ్గర పలచబడింది.”

గాలి కొట్టి నీళ్లలో ముంచితే సరిగ్గా అక్కడే బుడగలు లేచాయి.

“అమ్మో! నా పొట్ట కొట్టేలా ఉన్నారే. ఎక్కడ నేర్చుకున్నారు?”

“రోజూ చూస్తున్నదేగా,” అని అతను గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

ఆమె రిమ్ములోని కన్నాలన్నీ మూసుకుపోయేలా టేపు బిగించి చుట్టింది. కొత్త వాల్వు పెట్టి, టైరు ఎక్కించి, లోపల పాలలాంటి ద్రవం పోసింది. కంప్రెసర్ గాలి ఒక్క ఉదుటున దూసుకుపోయేసరికి టైరు అంచులు టప్ టప్‌మంటూ రిమ్ములో కూర్చున్నాయి.

“మేకు దిగితే పీకేసి చక్రం తిప్పండి. ఈ పాలే పోయి కన్నాన్ని మూసేస్తాయి. ఇక మీరు ఆగే పనే లేదు.”

ఇంటికొచ్చాక భార్య సైకిలు చుట్టూ ఒకసారి తిరిగింది.

“ఎవరైనా కనిపెడితే?”

“టైరులోకి ఎవడు తొంగి చూస్తాడే?”

“వేరేవాళ్లయితే చూడరు. మీ ఫ్యాక్టరీవాళ్లు కదా!”

“చూడనీ. గాలి బయటికి కనిపించదు,” అన్నాడు ధీమాగా.

మర్నాడు పొద్దున సగం దారిలో వెనక చక్రం టిక్ టిక్‌మంది. దిగి చూశాడు. వేలెడంత మేకు. దాన్ని పట్టి లాగాడు. బుస్సుమని గాలి, దానితో పాటు తెల్లటి తుంపర. చక్రాన్ని గిర్రున తిప్పాడు. బుస సన్నబడింది. ఇంకా తిప్పాడు. ఆగిపోయింది. టైరును నొక్కి చూస్తే ఇంకా గట్టిగానే ఉంది. పద్దెనిమిదేళ్లలో మొదటిసారి ఒక చక్రం మీద నమ్మకం కుదిరి, తల ఎత్తుకుని తొక్కాడు.

ఎనిమిదికి ఇంకా ఇరవై నిమిషాలు ఉన్నాయనగా గేటు చేరాడు. మేనేజరు అక్కడే నిలబడి ఉన్నాడు.

“ఏమయ్యా, మీ అత్తగారు కులాసానా?”

“గుండ్రాయిలా ఉన్నారండీ.”

మేనేజరు నవ్వి వాచీ చూసుకున్నాడు. “బాగుంది. ఫోర్‌మనంటే ఇలా అందరికన్నా ముందుండాలి. ఇంక మాట్లాడేదేముంది, ఆ కుర్చీ నీదే పో! అది సరే, ఆ గతుకుల రోడ్డు మీద, అదీ సైకిలు మీద, ఇంత తొందరగా ఎలా వచ్చావయ్యా?”

అతను ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

“అంతా మన ఫ్యాక్టరీ ట్యూబుల చలవండీ!”