అమ్మ కుర్చీలో

"ఇప్పుడు నేను నువ్వు, నువ్వు నేను. సరేనా?" అంటూ తొమ్మిదో తరగతి కూతురు అమ్మని తన కుర్చీలోకి తోసి, తను అమ్మ కుర్చీలో కూర్చుంది.

ఇంగ్లీషు ప్రాజెక్టు అది. ఇంట్లో రోజూ జరిగే గొడవని ఒకరి పాత్ర ఇంకొకరు వేసి ఆడాలి. ఈ ఇంట్లో గొడవంటే ఫోనే. వారం కిందట అమ్మ దాన్ని లాక్కుని బీరువాలో దాచేసింది. ప్రాజెక్టు వంకతో ఎలాగైనా రాబట్టాలని కూతురి ఎత్తు.

"ముందు తెలుగులో కానిద్దాం. నాకు ఇంగ్లీషులో ఏడవడం రాదు," అంది అమ్మ.

"నేనేం ఏడవను!"

"అబ్బో!" అమ్మ మూతి ముడిచి, కాళ్ళు కుర్చీ మీదకి లాక్కుంది. "అమ్మా, గ్రూపులో ఏం జోకులేసుకున్నారో నాకు తెలీట్లేదు. పొద్దున బస్సులో అందరూ నవ్వుతుంటే, ఎందుకో తెలీకపోయినా నేనూ నవ్వేస్తున్నా."

కూతురు బిత్తరపోయింది. "ఇది నీకెవరు చెప్పారు?"

"బస్సెక్కించేది నేనేగా. కిటికీలోంచి కనిపిస్తావు. సరే, నీ వంతు. అమ్మవి కదా, ఫోన్ ఇస్తావా, ఇవ్వవా?"

ఇచ్చేస్తానని టక్కున అనబోయి ఆగింది కూతురు. ఎదురుగా ముడుచుకు కూర్చున్న పిల్ల అచ్చం తనే. ఆ పిల్ల దుప్పటి కింద ఫోన్ చూసీ చూసీ, పొద్దున్నే ఎర్రటి కళ్ళతో లేవడం గుర్తొచ్చింది.

"ఇస్తా. కానీ పడుకునే ముందు తెచ్చి నా చేతిలో పెట్టాలి. సాకులు చెప్పావో, ఊరుకోను."

"సరేనమ్మా," అని బుద్ధిగా తలూపి, అమ్మ బీరువా తాళం తీయడానికి లేచింది.