విడి గ్లాసు

చర్చిలో ప్రభుభోజనం వేళ ద్రాక్షారసం గిన్నె అందుకోబోయిన సంఘపెద్ద డేవిడ్‌రాజును రెబెకమ్మ ఆపింది.

"అందరూ నోరు పెట్టే గిన్నె నీకొద్దు పెద్దయ్యా. మద్రాసు డాక్టరు ఏం చెప్పినాడు?"

"లింఫోమా అనే క్యాన్సరంట. రోగాన్ని ఎదిరించే కణాలు నెత్తురులో తగ్గిపోయినాయంట. అవి తగ్గితే ఆయుస్సూ తక్కువేనంట."

ఆమె సంచిలోంచి స్టీలు గ్లాసు తీసింది. ఆమెకు టీబీ నయమైనా సరే, అందరికీ అంటుతుందని ఆయన విడిగా పెట్టిన గ్లాసు అది.

"మరిగే నీళ్లతో కడిగి తెచ్చినా. పట్టుకోని, నన్ను కూచోబెట్టిన బెంచీ మీదికే పో."

"వాకిలికాడ ఒక్కణ్ణే తాగాల్నా?"

"నేను తాగలా?"

ఆయన వెళ్లి కూర్చున్నాడు. అక్కణ్ణుంచి అందరి వీపులే కనిపించాయి. ముందు వరుసలో గిన్నె ఎత్తి తాగుతున్న రెబెకమ్మ వీపు కూడా.