పదకొండో కుర్చీ

నా భార్య కేజియా పోయి నేటికి ఏడాది. ఆమె పేరున ప్రార్థన చదవాలంటే పదిమంది యూదులు ఒకే గదిలో ఉండాలి. గుంటూరు దగ్గరి మా పేటలో మిగిలింది నేనొక్కణ్ణే. అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు. రోజూ సాయంత్రం యంత్రం పంపే వాళ్ళ వెలుగు రూపాలు వచ్చి మా చాపల మీద కూర్చుంటాయి. కానీ వెలుగును మనిషిగా లెక్కపెట్టకూడదు.

"చాపలు తియ్యి బావా," అన్నాడు ఇజ్రాయెల్‌లోని అష్డోదు నుంచి బావమరిది సాదోకు. "అక్క సమాధి వదిలి రానంటావు, మొండోడివి. ఇక్కడ పదిమందిమి ఒంటితో ఉన్నాం. ఇయ్యాళ నువ్వే వెలుగై రా."

వెళ్ళాను. చదివాను. పదిమందీ ఆమేన్ అన్నారు. తర్వాత సాదోకు అందరికీ టీ ఇస్తూ, నేను తాగలేనని తెలిసీ నా కుర్చీ ముందు ఒక గ్లాసు పెట్టాడు. ఆవిరి ఆగేదాకా నేను లేవలేదు.