మొక్కు పుంజు

"ఇది మన పుంజు కాదు! మన కోడిపిల్లను వండుక తిని, ఎవలిదో ముదురు పుంజును తెచ్చి కమ్మినవ్!"

యమునాబాయి గంప ఎత్తి పట్టుకుని అరిచిన అరుపుకు టెంఘర్ గల్లీలో సగం మంది గుమ్మంలోకి వచ్చారు. గంప కింది నల్ల పుంజు నెత్తిన ఎర్రటి తురాయితో ఛాతీ విరుచుకుని నిలబడింది. తన గురించే గొడవని తెలిసినట్టు ఒక కూత కూడా కూసింది.

"పోచమ్మ తోడు, గదే ఇది!" అన్నాడు ఆమె భర్త లక్ష్మీనర్సయ్య. పేరుకు మరమగ్గాల షెడ్డు యజమానే గాని, పాపం, పెళ్లాం ముందు నోరు పెగలదు.

"పక్కింటి వనిత కోడిపిల్ల, మన పిల్ల ఒక్క గంపల కొన్నయి. దానిది ఇంక కీసుకీసుమంటున్నది. ఇదెట్ల కూస్తది? నేను దవాఖానల పడి ఉంటే నా పానం కోసం మొక్కినవు. పుంజునిస్త, ఇగ పేకాట పత్తాలు ముట్ట అన్నవు. ఒక మాట తప్పినోడివి రెండోది నిలబెట్టుకున్నవని ఎట్ల నమ్మాలె?"

రేపే బోనం. దొంగ పుంజును అమ్మవారి ముందు పెడితే తన ప్రాణానికే ముప్పని ఆమె భయం.

"పత్తాలా! గిరాకీ లేక మందీ వచ్చి రాత్రి పాళీ పని బంద్ చేసిన కాడి నుంచి షెడ్డుల కావలి పండుకుంటున్న. ఎనిమిదింటికే లైట్లు బంద్ చేసి ముసుగు తన్నుడే. పుంజు గూడ నా పక్కనే పంటది, కావాలంటే అడుగు!"

పుంజును అడిగితే ఏం లాభం? పశువుల డాక్టర్ భూషణ్‌ను పిలిపించారు. లక్ష్మీనర్సయ్యకు ప్రాణ స్నేహితుడు. స్నేహితుడి కాపురం నిలబెట్టే పుణ్యం దక్కిందని సంబరంగా వచ్చాడు.

పుంజును ఒడిలో పెట్టుకుని కాలు చూపించాడు. "వదినా, వెనుక ముల్లు చూడుండ్రి. బియ్యపు గింజంత లేదు. ముదురుదైతే గోరంతుండాలె. దీని వయసు వనితక్క పిల్ల వయసే."

"మరి గా తురాయేంది? గా కూతేంది?"

"హార్మోన్ల పని వదినా. మెదడును సేఠ్ అనుకోండ్రి. దాని కింద చిన్న గ్రంథి ఉంటది, అది పని చేయించే ముకద్దం. సేఠ్ ఆర్డరిస్తే ముకద్దం రక్తంల కబురు పంపుతడు. బీజాలు మీ మగ్గాల సాంచెల లెక్క చాలూ అయితయి, టెస్టోస్టెరాన్ తయారు చేస్తయి. గదే తురాయి, గదే కూత."

"కోడికి బీజాలేడియి డాక్టర్ సాబ్?" యమునాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గల్లీ ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"కడుపుల, వీపుకు ఆనుకొని ఉంటయి. ఆర్డర్ రాకుంటే అవి కదలయి."

"వనిత పిల్లకు రాని ఆర్డర్ దీనికెట్ల ముందే వచ్చె?"

లక్ష్మీనర్సయ్యకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. గట్టిగా దగ్గి భూషణ్ కాలు తొక్కాడు. చదువు చెప్పే ఊపులో ఉన్నవాడికి కాలు తొక్కితే తెలుస్తుందా?

"వెలుతురు వదినా! వెలుతురు ఎక్కువుంటే సేఠ్‌కు సీజన్ వచ్చినట్టే. వనితక్క పిల్ల పొద్దుగూకంగనే చీకట్ల పంటది. మన గంపనేమో మూల సాంచె పక్కన, నెత్తి మీదనే ట్యూబ్‌లైటు, తెల్లారేదాక వెలుగుతనే ఉంటది. ఇగ కూయక ఏం చేస్తది!"

యమునాబాయి ముఖం విప్పారింది. పుంజు మనదే! మొక్కు దక్కింది! దాని వీపు నిమిరి, కళ్లు తుడుచుకుని, భర్త వైపు ప్రేమగా చూసింది. ఆ చూపుకు లక్ష్మీనర్సయ్య దగ్గడం మానేశాడు. ఆమె పుంజు నెత్తిన పసుపు రాసి గంప మూసింది. తర్వాత తీరిగ్గా డాక్టర్ వైపు తిరిగింది.

"ఎనిమిదింటికి బంద్ చేసిన లైటు తెల్లారేదాక వెలగంగ మీరు చూసిండ్రు... అయితే డాక్టర్ సాబ్, పత్తాలు మీరిద్దరే ఆడుతరా, ఇంకెవలన్న వస్తరా?"