ఎత్తితే పలకని ఫోను

చొక్కా మీద గ్రీజు మరక పోలేదని మెకానిక్ బెల్టు విప్పాడు.

పాడైన ఇంజన్ల దగ్గర అతనికున్న ఓర్పు భార్య దగ్గర ఉండదు.

రెండో దెబ్బ పడబోతుండగా ఫోను మోగింది.

ఎంత కోపంలో ఉన్నా ఫోను ఎత్తాల్సిందే. దారిలో బండి ఆగిపోయినవాళ్లు షెడ్డు బోర్డు మీది నంబరు చూసి చేస్తారు. అతనికి తిండి పెట్టేది అదే.

హలో అన్నాడు. అవతల ఊపిరి తప్ప మాట లేదు. బూతులు తిట్టి పెట్టేశాడు. పెట్టగానే మళ్లీ మోగింది. అలా ఎత్తుతూ, తిడుతూ అలిసిపోయి పడుకున్నాడు.

నెల రోజులుగా ఇదే తంతు.

పలకని ఫోను అనుమానపు మొగుడి చెవిలో ఎన్నో మాటలు చెబుతుంది.

"నా గొంతు వినగానే నోరు మూసుకుంటున్నాడంటే, వాడు నీకోసమే చేస్తున్నాడు" అన్నాడొకరోజు.

తల్లి మీద ఒట్టేసినా నమ్మలేదు. ఆ పూట ఆమె పెదవి చిట్లింది.

దెబ్బలు ఆమెకు అలవాటే. నింద మాత్రం మింగుడు పడలేదు. ముక్కూమొహం తెలియని ఆ ఫోనువాణ్ణి రోజూ శాపనార్థాలు పెట్టేది.

చేసినవాళ్ల నంబరు కనిపించే కొత్త ఫోను తెచ్చి పెట్టాడు మెకానిక్.

మర్నాడు సాయంత్రం ఆమెను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఫోను మోగింది. ఈసారి ఎత్తలేదు. మోత ఆగాక, కనిపించిన నంబరుకు తనే చేశాడు.

ఎదురింటి మేడ మీద గదిలో గణగణమని మోగింది.

ఆ గదిలో ఒక దర్జీ ఈమధ్యే అద్దెకు దిగాడు. కిటికీ దగ్గర కూర్చుని బట్టలు కుడుతుంటాడు. వీధిలో ఎవర్నీ పలకరించిన పాపాన పోలేదు.

మెకానిక్ వీల్ స్పానర్ అందుకున్నాడు.

"వెళ్లి అడగండి" అంది ఆమె, పళ్ల మీది రక్తం తుడుచుకుంటూ. "నేనెవరో వాడి నోటితోనే చెప్పించండి."

తన మీది మచ్చ ఇవాళ్టితో పోతుందన్న ఆశతో అతని వెనకే మెట్లెక్కింది.

"అది నీకేమవుతుందిరా?"

దర్జీ తల అడ్డంగా ఊపాడు.

మొదటి దెబ్బకే మోకాలు విరిగింది. చేతులు జోడించి నోరు తెరిచాడు. మూలుగు తప్ప ఏమీ రాలేదు.

"అడిగితే మూలుగుతావేంరా?"

భుజం మీద కొట్టాడు. అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాడు. చివరికి తల మీద కొట్టాడు. కుట్టుమిషను బోర్లాపడింది, దాని పక్కనే అతనూ పడ్డాడు.

ఇక చాలని ఆమె అరిచేసరికి ఆలస్యమైపోయింది.

కింద వాటాలోని మగవాళ్లు పరుగున వచ్చి మెకానిక్‌ను ఒడిసిపట్టారు. గది అద్దెకిచ్చిన ఇంటావిడ కూలబడి దర్జీ తలను ఒళ్లోకి తీసుకుంది. అప్పటికే అతని ఊపిరి ఆగిపోయింది.

మెకానిక్ భార్యకు ఏడుపూ, ఆ చచ్చిపోయిన మనిషి మీద కోపమూ కలిసి వచ్చాయి.

"ఒక్క మాట చెప్పుంటే బతికేవాడు కదండీ."

"ఏం చెబుతాడమ్మా, పుట్టుమూగ" అంది ఇంటావిడ. "పోయిన నెల కనెక్షన్ పెట్టించుకున్న రోజున, మాట రానివాడికి ఫోనెందుకయ్యా అని నవ్వితే, మీ కిటికీ వైపు వేలు చూపించి, తన చెంప మీద తనే కొట్టుకుని, ఆ చేత్తోనే ఫోను ఎత్తాడు."